లోపలికి తిరిగిన ముఖం

మొన్న మాఘమాసంలో తెనాలిలో మా బంధువుల ఇంట పెళ్లి. భోజనాల హాల్లో మూడో పంక్తి ఇంకా పెరుగన్నంలోకి రాలేదు, నాలుగో పంక్తివాళ్లు అప్పుడే తినేవాళ్ల కుర్చీలు పట్టుకుని వెనకాల నిలబడ్డారు. మా మేనల్లుడు మాత్రం ఆ తొక్కిసలాటకు దూరంగా కూలర్ పక్కన స్తంభానికి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్లవాడు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది.

"అక్కా, నీ మనవణ్ణి చూడు, ముంగిలా అక్కడే నిలబడిపోయాడు" అంది మా పిన్ని మా అమ్మతో.

"ముంగేం కాదే, వాడికి కాస్త బిడియం" అని అమ్మ వెనకేసుకొచ్చింది.

"నోట్లో నాలుక లేదండీ వీడికి, ఆఫీసులో ఎలా నెగ్గుకొస్తాడో" అన్నాడు మా బావ. పక్కనున్న పెళ్లికొడుకు తరఫు పెద్దాయన "పోనీలెండి బాబూ, గుంభనమైన కుర్రాడు" అని సర్దిచెప్పాడు. నలుగురూ నాలుగు మాటలు అన్నాక వాడు ఫోన్లోంచి తలెత్తి ఐదో మాట తనే అన్నాడు. "నేను ఇంట్రావర్ట్‌ని. అంతే."

"అంటే ఏంట్రా?" అంది పిన్ని. నేను మధ్యలో దూరి "అంతర్ముఖుడు అని పిన్నీ" అన్నాను. ప్రతి శుక్రవారం లలితా సహస్రనామం చదివే మా అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అంతర్ముఖుడా? వీడా? అంత తపస్సు ఎప్పుడు చేశాడ్రా?"

అందరూ నవ్వేశారు. ఇంతలో నాలుగో పంక్తికి విస్తళ్లు వేశారు, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నాకు మాత్రం ఆగలేదు. స్తంభం పక్కన నిలబడ్డ ఒక్క కుర్రాడికి అయిదు పేర్లు. అందులో నాలుగు మన ఊళ్లలో పుట్టినవి. అయిదోది ఎక్కడో పుట్టి, ఎన్నో చేతులు మారి, తెనాలి కల్యాణమండపం దాకా వచ్చింది. దాని ప్రయాణం తెలిస్తే అమ్మ ఎందుకు నవ్వించిందో, మావాడు ఆ మాట ఎందుకు ఎంచుకున్నాడో రెండూ తెలుస్తాయి.

నత్త కొమ్ము

మాట లాటిన్‌ది. ఇంట్రో అంటే లోపలికి, వెర్తెరె అంటే తిప్పడం. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఇది క్రియాపదం. భక్తి గ్రంథాలు రాసేవాళ్లు వాడేవారు. చూపును లోకం మీద నుంచి మళ్లించి తన ఆత్మ వైపు తిప్పుకోవడం అని దాని అర్థం. అంటే అప్పట్లో అది మనిషి చేసే పని. పొద్దున్నే గంటసేపు మనసును లోపలికి తిప్పుకున్నవాడు, పది గంటలకు సంతకెళ్లి గొంతెత్తి బేరమాడినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు.

19వ శతాబ్దంలో ఈ మాట జంతుశాస్త్రవేత్తల చేతికి చిక్కింది. వానాకాలం గోడ మీద పాకే నత్త కొమ్మును వేలితో తాకి చూడండి. కొమ్ము ముడుచుకున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది లోపలికి తిరగబడుతుంది. విప్పేసిన చొక్కా చేతిని లోపల నుంచి పట్టి లాగితే ఎలా తిరగబడుతుందో అలా. సముద్రపు ఇసుకలో బతికే సిపన్‌క్యులా అనే పురుగులకు ముందు భాగమంతా ఇలాగే లోపలికి పోతుంది. ఆ భాగానికి జంతుశాస్త్రంలో ఇప్పటికీ ఇంట్రావర్ట్ అనే పేరు. ప్రమాదం తోస్తే లోపలికి లాక్కుంటుంది, మేత కావాలంటే బయటికి చాస్తుంది. ఒకే అవయవం రెండు దిక్కులకూ పనికొస్తుంది.

మనకు ఈ బొమ్మ కొత్తది కాదు. భగవద్గీతలో స్థితప్రజ్ఞుడి గురించి చెబుతూ కృష్ణుడు అవయవాలను అన్నివైపుల నుంచీ లోపలికి తీసుకునే తాబేలును చూపించాడు. అక్కడ నత్త, ఇక్కడ తాబేలు. లోపలికి తీసుకున్నది మళ్లీ బయటికి చాచే వీలు రెంటికీ ఉంది.

అన్నా అనే పాప

ఈ మాటను మనిషి మనసుకు అంటించినవాడు స్విట్జర్లాండ్ వైద్యుడు కార్ల్ గుస్టావ్ యూంగ్. 1900 డిసెంబరులో ఆయన జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి మానసిక వైద్యశాలలో చేరాడు. అక్కడ రెండు రకాల రోగులు ఆయన కంటపడ్డారు. హిస్టీరియా ఉన్నవాళ్లు చుట్టూ ఉన్న మనుషులను పట్టుకుని వేలాడతారు. ఏడుపూ కోపమూ ప్రేమా అన్నీ ఎదుటివాళ్ల మీదికే పొంగుతాయి. రెండో రకం రోగులకు లోకమే జారిపోయినట్టు ఉంటుంది, తమ లోపలి ఊహల్లోనే మునిగిపోతారు. ఆ రెండో జబ్బుకే ఆ ఆస్పత్రి పెద్ద ఆయిగన్ బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టాడు. ఒకరిలో మనశ్శక్తి బయటికి పారుతోంది, ఇంకొకరిలో లోపలికి. ఈ దిక్కుల తేడా యూంగ్ మనసులో పడింది.

1909 సెప్టెంబరులో అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయం ఇరవయ్యేళ్ల పండుగ చేసుకుంది. వియన్నా మనోవిశ్లేషకుడు సిగ్మండ్ ఫ్రాయిడ్‌నూ యూంగ్‌నూ ప్రసంగాలకు పిలిచారు. యూంగ్ తన ప్రసంగాల్లో ఒకదానికి అన్నా అనే చిన్నపిల్లను తీసుకున్నాడు. ఆ పిల్ల ఆయన సొంత కూతురేనని తరవాత లోకానికి తెలిసింది. పాపకు నాలుగేళ్ల వయసులో తమ్ముడు పుట్టాడు. ఇంటిల్లిపాదీ పసివాడి చుట్టూ తిరుగుతుంటే పాప ఒక మూల చేరి తనలో తాను ఏవో ఊహలు అల్లుకోవడం మొదలుపెట్టింది. అమ్మ మీదికి వెళ్లాల్సిన ప్రేమలో కొంత లోపలికి తిరిగిందని, అక్కడ ఊహలకు ఊపిరి పోస్తోందని యూంగ్ చెప్పాడు. 1910లో అచ్చయిన ఆ ప్రసంగంలోనే ఈ మాట కొత్త అర్థంతో కనిపిస్తుంది.

తమ్ముడు పుట్టిన ఇంట్లో అలిగి మూల కూర్చునే పిల్లను మనలో చూడనివారెవరు? ఆ పిల్లను ఎవరూ పుట్టుకతోనే ఇలాంటిది అనరు. నాలుగు రోజులు పోతే తనే వచ్చి తమ్ముణ్ణి ఊయల ఊపుతుంది. యూంగ్ చేతిలో కూడా ఈ మాట మొదట అలాంటి ఒక కదలికకే పేరు.

ఇద్దరు పెద్దల తగాదా

ఆ కదలిక మనిషి రకంగా మారడానికి ఒక స్నేహం చెడిపోవాల్సి వచ్చింది. 1907 మార్చిలో వియన్నాలో ఫ్రాయిడ్, యూంగ్ కలుసుకున్న తొలి రోజు, వాళ్లు దాదాపు పదమూడు గంటలు ఏకబిగిన మాట్లాడుకున్నారని యూంగే చెప్పుకున్నాడు. ఆరేళ్లు తిరిగేసరికి, 1913 జనవరిలో, సొంత ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. అప్పటికే ఇంకో సహచరుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ఫ్రాయిడ్ నుంచి విడిపోయి వేరుకుంపటి పెట్టాడు. ఫ్రాయిడ్ ప్రతి జబ్బుకూ మూలం ఎదుటి మనుషులతో ఉన్న కోరికల బంధంలో వెతికేవాడు. ఆడ్లర్ తనను తాను తక్కువ అనుకుని పైకి ఎగబాకాలనే మనిషి తపనలో వెతికేవాడు. ఇద్దరూ తెలివైనవాళ్లే. ఒకే రోగిని చూసి పొంతన లేని రెండు కథలు చెప్పేవాళ్లు. ఎందుకని?

1913 సెప్టెంబరులో మ్యూనిక్‌లో జరిగిన మనోవిశ్లేషకుల మహాసభలో యూంగ్ దీనికి జవాబు ఇచ్చాడు. హిస్టీరియాలో శక్తి బయటికి, స్కిజోఫ్రీనియాలో లోపలికి పారుతుందన్న పాత గమనికతో మొదలుపెట్టి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఈ రెండు వాలులు ఉంటాయని చెప్పి, చివరికి ఫ్రాయిడ్, ఆడ్లర్ సిద్ధాంతాలనే ఉదాహరణగా నిలబెట్టాడు. ఒకాయన చూపు బయటికి, ఇంకొకాయన చూపు లోపలికి. ఆ సభలోనే ఫ్రాయిడ్, యూంగ్ చివరిసారి ఎదురుపడ్డారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆయన ఈ ఆలోచనను నూరుకున్నాడు. 1915లో బాజెల్ నగరంలోని మిత్రుడు, వైద్యుడు హాన్స్ ష్మిడ్‌తో ఒక ప్రయోగం లాంటి ఉత్తరాల పరంపర నడిపాడు. యూంగ్ లోపలికి చూసే రకం, ష్మిడ్ బయటికి చూసే రకం. ఒకరి స్వభావాన్ని ఒకరు అర్థం చేసుకుందామని మొదలుపెట్టారు. ఉత్తరాలు పెరిగేకొద్దీ ఒకరి మాట ఒకరికి ఎక్కకపోవడమే పెరిగింది. ఒకరికొకరు వివరించుకోవడానికి కూర్చున్న ఇద్దరు స్నేహితులకే ఆ గోడ తగిలిందంటే, ఆ తేడా ఎంత లోతుదో ఆయనకు చేతికి అందినట్టయింది.

1921లో జ్యూరిక్‌లో వెలువడిన 'మానసిక రకాలు' పుస్తకం ఆ ఎనిమిదేళ్ల పంట. దాని ప్రకారం బహిర్ముఖుడి ఆసక్తి వస్తువు వైపు, మనిషి వైపు, జరుగుతున్న సంఘటన వైపు పారుతుంది. అంతర్ముఖుడి ఆసక్తి ఆ వస్తువు తన లోపల రేపిన ఆలోచన వైపు మళ్లుతుంది. ఇద్దరూ తిరునాళ్లకు వెళ్లారనుకోండి. ఒకడు తిరునాళ్లలో ఉంటాడు. ఇంకొకడు తిరునాళ్లు తనలో ఏం చేస్తోందో చూసుకుంటూ ఉంటాడు. ఇంతవరకూ సిగ్గు ప్రస్తావన లేదు, నోరు విప్పడం విప్పకపోవడం అసలు లెక్క కాదు. పైగా ఎవరిలోనైనా రెండు వాలులూ ఉంటాయని, ఒకటి ముందుకొస్తే రెండోది మనసు అడుగున పనిచేస్తుంటుందని కూడా యూంగ్ రాశాడు.

అదే పుస్తకంలో ఒక చోట ఆయన ఉపనిషత్తుల దగ్గరికి వెళ్లి తపస్సు గురించి ఆగి రాశాడు. శక్తిని లోపలికి మళ్లించి, కోడి గుడ్డును పొదిగినట్టు మనిషి తనను తాను పొదగడం అన్న అర్థం చెప్పాడు. పెళ్లింట్లో మా అమ్మ అడిగిన ప్రశ్న అంత నవ్వులాటదేం కాదన్నమాట. ఈ మాటకు కొత్త అర్థం ఇచ్చినవాడి దగ్గరే తపస్సు ఉంది.

తల్లీకూతుళ్ల నాలుగక్షరాలు

1923లో ఆ పుస్తకం ఇంగ్లీషులోకి రాగానే మాట పండితుల గదులు దాటి బజారున పడింది. దాని జంట మాట నడకలో చిన్న తమాషా ఉంది. లాటిన్‌లో బయటికి అనడానికి ఎక్స్‌ట్రా. యూంగ్ రాసిందీ అదే. కానీ ఇంట్రో పక్కన ఎక్స్‌ట్రా నాలుకకు ఒదగలేదు కాబోలు, జనం ఎక్స్‌ట్రో చేసేశారు. ఇప్పుడు మనం ఎక్స్‌ట్రావర్ట్ అన్నా ఎక్స్‌ట్రోవర్ట్ అన్నా చెల్లిపోతోంది.

ఆ అనువాదాన్ని వాషింగ్టన్‌లో కాథరిన్ బ్రిగ్స్ అనే గృహిణి కళ్లకద్దుకుని చదివింది. అంతకుముందే ఆమె మనుషుల రకాల గురించి తనదైన లెక్క ఒకటి వేసుకుంటోంది. యూంగ్ చదివాక తన కాగితాలు పక్కన పడేసి ఆయన దారి పట్టింది. ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ డిటెక్టివ్ నవల రాసిన రచయిత్రి. తల్లికి గానీ కూతురికి గానీ మనస్తత్వ శాస్త్రంలో పట్టా లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లక్షల మంది ఆడవాళ్లు మొదటిసారి ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో చేరుతుంటే, ఎవరికి ఏ పని సరిపోతుందో చెప్పే సాధనం కావాలని ఇసబెల్‌కు తోచింది. అలా 1940లలో పుట్టిందే మైయర్స్-బ్రిగ్స్ పరీక్ష. ప్రశ్నలకు జవాబులు ఇస్తే నాలుగక్షరాల గుర్తు చేతికొస్తుంది. మొదటి అక్షరం ఐ అయితే అంతర్ముఖులు, ఈ అయితే బహిర్ముఖులు.

మావాడు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఇలాంటి పరీక్ష రాశాడట. వాడి బృందంలో అందరికీ ఎదుటివాళ్ల నాలుగక్షరాలు తెలుసు. మనకు జన్మ నక్షత్రం, రాశి తెలిసినట్టే. ఇక్కడే మాట స్వభావం మారిపోయింది. యూంగ్ వాలు అన్నాడు, పరీక్ష గడి అంది. వాలు మీద నిలబడ్డవాడు అటో ఇటో జరగొచ్చు. గడిలో పడ్డవాడికి ఆ సౌకర్యం లేదు. నిజంగా కొలిచి చూస్తే చాలామంది ఏ కొసనా ఉండరు, మధ్యలో గుంపుగా ఉంటారు. గడి గీత సరిగ్గా ఆ గుంపు మధ్య నుంచే పోతుంది.

నాలుక మీద నాలుగు నిమ్మ చుక్కలు

ఈ మాటను గడి నుంచి మళ్లీ కొలత మీదికి తెచ్చినవాడు మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐజెంక్. 1916లో బెర్లిన్‌లో పుట్టి, హిట్లర్ రోజుల్లో దేశం విడిచి లండన్ చేరాడు. యుద్ధకాలపు ఆస్పత్రిలో మనోవ్యాధులతో వచ్చిన సైనికుల వివరాలను గణితంతో జల్లెడ పట్టి, 1947లో ఒక పుస్తకం వేశాడు. మనిషి స్వభావంలో రెండు పెద్ద కొలబద్దలు తేలాయన్నాడు. ఒకటి అంతర్ముఖ, బహిర్ముఖ తేడా. రెండోది ఆందోళన ఎంత తొందరగా పుడుతుందన్నది. ఈ రెండూ వేర్వేరు కొలబద్దలు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కథ మలుపు ఇక్కడే ఉంది.

తేడాకు మూలం మెదడు మేలుకుని ఉండే మోతాదులో ఉందని 1967లో ఆయన ప్రతిపాదించాడు. అంతర్ముఖుల మెదడు మామూలుగానే కాస్త ఎక్కువ మేలుకుని ఉంటుంది. అందుకే కొద్దిపాటి సందడికే వాళ్లకు చాలనిపిస్తుంది. బహిర్ముఖులకు అదే మోతాదు అందుకోవడానికి బ్యాండుమేళం కావాలి. దీన్ని పరీక్షించడానికి వంటింటి వస్తువు ఒకటి అక్కరకొచ్చింది. రెండు కొసలా దూది ఉన్న పుల్ల తీసుకుని సరిగ్గా మధ్యలో దారం కడతారు. వేలాడదీస్తే త్రాసు దండెలా సమంగా ఉండాలి. ఒక కొసను నాలుక మీద 20 సెకన్లు పెట్టి తీస్తారు. ఆపైన నాలుక మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, రెండో కొసను అంతే సేపు పెడతారు. ఇప్పుడు దారం పట్టుకుని ఎత్తితే, నిమ్మరసానికి ఊరిన లాలాజలం బరువుకు పుల్ల ఒక పక్కకు వాలుతుంది. ఆ పరీక్షల్లో అంతర్ముఖుల పుల్ల ఎక్కువ వాలింది. మెదడు గురించిన పూర్తి కథ ఇంత సులువైంది కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి గానీ, ఈ పుల్ల మాత్రం పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

అంతకంటే విలువైన మాట ఒకటి ఐజెంక్ 1956లోనే రాశాడు. నలుగురిలో కలవనివాళ్లు రెండు రకాలు. ఒకరు కలవాలనే అనుకోరు. అవసరం పడితే మాత్రం తొట్రుపాటు లేకుండా మాట్లాడి వస్తారు. రెండోవారికి కలవాలని ప్రాణం కొట్టుకుంటుంది, కానీ భయం కాళ్లకు అడ్డం పడుతుంది. దూరం నుంచి చూసేవాడికి ఇద్దరూ ఒకేలా స్తంభం పక్కన నిలబడి కనిపిస్తారు.

1981లో జోనథన్ చీక్, ఆర్నల్డ్ బస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని నేరుగా చూశారు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియని విద్యార్థులను జంటలుగా గదిలో కూర్చోబెట్టి గమనించారు. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడిందెవరంటే, బిడియమూ ఉండి, మనుషుల తోడు కావాలనే తహతహా ఉన్నవాళ్లు. మాట తక్కువ, చూపు పక్కకు, చేతులు ఊరికే మొహాన్నో జుట్టునో తడుముకోవడం ఎక్కువ. బిడియం ఉన్నా తోడు మీద అంత ఆశ లేనివాళ్లు వాళ్లకంటే నిమ్మళంగా కూర్చున్నారు. ఇక బిడియస్థుల సంఖ్య తక్కువేం కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ జింబార్డో అడిగితే పదిమందిలో నలుగురు తమకు బిడియమని ఒప్పుకున్నారు. ఆయన దానిమీద 1977లో పుస్తకమే రాశాడు.

2012లో సూసన్ కేన్ రాసిన 'క్వైట్' పుస్తకం, అదే ఏడాది ఆమె చేసిన టెడ్ ప్రసంగం ఈ మాటకు కిరీటం పెట్టాయి. గలగలా మాట్లాడేవాడికే పదవులు కట్టబెట్టే ఆఫీసుల్లో, మౌనంగా ఆలోచించేవాళ్ల విలువ పోతోందని ఆవిడ వాదించింది. బిడియమూ అంతర్ముఖత్వమూ ఒకటి కావని ఆవిడ కూడా చెప్పింది. లోకం చెవిన మాత్రం మొదటి సగమే పడింది. ఆనాటి నుంచి ఇంట్రావర్ట్ అని చెప్పుకోవడంలో కాస్త దర్జా చేరింది.

మన మాటల పెట్టె

మరి అంతర్ముఖుడు? యూంగ్ పుట్టకముందే మన దగ్గర ఆ మాటకు పూర్తి జీవితం ఉంది. దేవుడు ఇంద్రియాలను బయటికి తెరుచుకునేలా చేశాడని, అందుకే మనిషి బయటికే చూస్తాడని, ఎక్కడో ఒక ధీరుడు మాత్రం కన్ను వెనక్కి తిప్పి ఆత్మను చూశాడని కఠోపనిషత్తు చెబుతుంది. లలితా సహస్రనామంలో అంతర్ముఖులు, బహిర్ముఖులు పక్కపక్క నామాల్లోనే వస్తారు. మొదటివాళ్లకు అమ్మవారు ఆరాధనతో అందుతుంది, రెండోవాళ్లకు దుర్లభం. అక్కడ అంతర్ముఖత్వం కష్టపడి సంపాదించుకునేది. మనస్తత్వ శాస్త్రాన్ని తెలుగు చేసినవాళ్లు ఆ సిద్ధంగా ఉన్న జంటను తీసుకుని యూంగ్ మాటలకు తొడిగారు. కొలత సరిపోయింది గానీ బట్ట వేరు. సాధకుడికి కుట్టిన కాషాయాన్ని స్వభావానికి తొడిగితే మా అమ్మలాంటివాళ్లకు నవ్వు రాకేం చేస్తుంది!

యూంగ్ స్వయంగా 1937 చివర్లో మన దేశం వచ్చాడు. దక్షిణాదికి వచ్చి తిరువనంతపురం దాకా వెళ్లాడు. అరుణాచలం కొండ కింద మౌనంతోనే బోధించే రమణ మహర్షిని మాత్రం చూడకుండానే తిరిగి వెళ్లాడు. తరవాత మహర్షి మీద జర్మన్‌లో వచ్చిన పుస్తకానికి ముందుమాట రాస్తూ, ఆ వెళ్లకపోవడం గురించే మాట్లాడాడు.

వేదాంతం పక్కన పెడితే, రోజువారీ తెలుగుకు ఈ విషయంలో అప్పు అక్కర్లేదు. మన మాటలు వైద్యుడి గదిలో కాక వీధి అరుగు మీద పుట్టాయి కాబట్టి ఒక్కోటి ఒక్కో సందు చూపిస్తుంది. బిడియం అంటే ముందుకు వెళ్లాలని ఉండీ వెళ్లలేకపోవడం. మొహమాటం అంటే ఎదుటివాడి మొహం చూశాక కాదు అనలేకపోవడం. రోజంతా వాగే మనిషికి కూడా అది ఉండొచ్చు. రెండో గారె వద్దనలేక తినేవాళ్లందరికీ ఆ జబ్బే. ముభావం అంటే ఇవాళ్టి మబ్బు. నిన్న లేదు, రేపు ఉండకపోవచ్చు, దానికి ఏదో కారణం ఉంటుంది. గుంభనం అంటే లోపల విషయం ఉంది, బయటికి పొక్కనివ్వడు. మితభాషి అంటే మాట్లాడగలిగీ కొలిచి మాట్లాడేవాడు. రాసుకు పూసుకు తిరగడు అంటే మనుషులంటే భయం లేదు, పని లేదు. ఐజెంక్ చెప్పిన మొదటి రకం సరిగ్గా ఇతడే. ఇక ముంగి అనేది మనిషి లోపలి సంగతి చెప్పదు. అవతలివాడి విసుగు చెబుతుంది.

ఏ మాట ఎవరికి తగిలిస్తామన్నది కూడా చూడండి. కొత్త అల్లుడు మాట్లాడకపోతే గంభీరం. కొత్త కోడలు మాట్లాడకపోతే మొదటి నెల అణకువ, రెండో నెల పొగరు. ఉద్యోగం ఉన్నవాడు మితభాషి, లేనివాడు ముంగి. నిండు కుండ తొణకదని చెప్పిన నోటితోనే అడగందే అమ్మైనా పెట్టదని అంటాం. మౌనం అదే, దాన్ని కట్టిపెట్టే గుడ్డ మనది. మావాడిలాంటి పిల్లలు ఇంట్రావర్ట్ అనే మాటను పట్టుకోవడం వెనక ఈ బాధ ఉంది. మన మాటలన్నీ పక్కవాళ్లు మన మీద వేసేవి. ఇది తనకు తాను వేసుకోగలిగినది. ఇందులో తిట్టు లేదు, జాలి లేదు, ఇక అడగొద్దు అన్న మర్యాద ఉంది.

కానీ ఆ మర్యాదకు ఒక ధర ఉంది. అయిదారు సందులున్న చోట ఒకటే తలుపు పెడితే, ఎవరు ఏ సందులో ఇరుక్కున్నారో కనబడదు. రాసుకు పూసుకు తిరగనివాణ్ణి వాడి మానాన వదిలేయాలి. మొహమాటస్థుణ్ణి వద్దనే అవకాశం ఇచ్చి అడగాలి. ముభావంగా ఉన్నవాణ్ణి ఏమైందని పలకరించాలి. బిడియస్థుడికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. పేరు తప్పితే మందు తప్పుతుంది.

నాలుగో పంక్తి లేచేవేళ నేను స్తంభం దగ్గరికి వెళ్లాను. "నిజంగా నీకు ఇదంతా ఇష్టం లేదుట్రా?" అన్నాను. వాడు ఫోన్ జేబులో పెట్టాడు. "అదుగో మామయ్యా, నీలం చొక్కా. పెళ్లికొడుకు తమ్ముడు. టెన్త్‌లో నా పక్క బెంచీ. గంట నుంచి వెళ్లి పలకరిద్దామనే చూస్తున్నా. గుర్తుపట్టకపోతే?"

ఆ మాట వినడానికి అక్కడ నేనొక్కణ్ణే లేను. పంక్తిలోంచి లేచొచ్చిన అమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వెనకే నిలబడి ఉంది. ఏమీ అనలేదు. "ఒరేయ్, కిళ్లీలు అటు ఉన్నాయిట, నా మోకాళ్లు చూశావుగా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు" అంది. కిళ్లీల బల్ల ఎటుందో నాకు తెలుసు. వాళ్లు వెళ్లింది అటు కాదు. అమ్మ వాడి మోచేయి పట్టుకుని అడుగడుక్కీ ఆగుతూ, కనపడ్డవాళ్లకల్లా "మా పెద్దమ్మాయి కొడుకు" అని చెబుతూ, నీలం చొక్కా దగ్గర ఆగి, "బాబూ, కిళ్లీలు ఎక్కడ నాయనా?" అని అడిగింది.

ఆ అబ్బాయి అమ్మను చూశాడు, ఆ పక్కనున్నవాణ్ణి చూశాడు. "ఒరేయ్, నువ్వా!" అన్నాడు.

మావాడు ఆరో పంక్తిలో తిన్నాడు. కూలర్ పక్కన స్తంభం ఖాళీగా ఉంది.